సీసా అడుగున తెల్లపొడి

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

అందరం బాగున్నాం అని మొదలుపెడదామనుకున్నా. కానీ అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు. నేనూ మీ బావా బాగానే ఉన్నాం. బుడిగే బాగాలేదు. ఈ కొత్తింటికి వచ్చి ఏడు వారాలయింది. ఏడు వారాల్లో దానికి మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ళ పిల్ల, ఎంతుంటుంది చెప్పు! మొన్న గౌను వేస్తుంటే భుజం మీంచి జారిపోయింది. పోయినేడు కొన్న గౌను రా అది. ఈపాటికి బిగుతవ్వాల్సింది పోయి వదులైంది. 

నా అనుమానమంతా నీళ్ళ మీదే. పొద్దున్నే కుళాయి తిప్పగానే మొదటి బకెట్ పల్చటి టీ రంగులో వస్తుంది. తర్వాత తెల్లబడుతుంది గానీ వాసన పోదు. ఓ రోజు తుప్పు వాసన, ఓ రోజు మందు వాసన, ఓ రోజు ఛీ, మురుగు కంపు. మీ బావ ముక్కు దగ్గర గ్లాసు పెడితే "నాకేం రావట్లేదే" అంటాడు. రోజంతా లిఫ్టుల గ్రీజులో మునిగితేలే మనిషి ముక్కుకి ఏం తెలుస్తుంది? పైగా "నీకు అనుమానం జబ్బే" అని నవ్వుతాడు. ఇక్కడి నీళ్ళాఫీసుకి రెండుసార్లు వెళ్ళా. "రాసిచ్చి వెళ్ళమ్మా" అన్నారు. రాసిచ్చి వచ్చా. అంతే సంగతులు.

నా చేతనైంది నేను చేస్తున్నా. మూడోసారి పట్టుకున్నప్పటినుంచీ నీళ్ళు మరగకాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి ఇస్తున్నా. మా ఆఫీసు సూపర్వైజరమ్మని అడిగి నేలలు తుడిచే మందు, బ్లీచు, బాత్రూం యాసిడు తెచ్చుకుని రోజూ ఇల్లంతా కడుగుతున్నా. అక్కడ ఐదంతస్తులు కడిగొచ్చి ఇక్కడ మళ్ళీ కడగడం. నా చేతులు చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

పన్నెండేళ్ళుగా నీళ్ళు పరీక్ష చేసే లాబులో ఉన్నావు. ఊళ్ళో వాళ్ళందరి నీళ్ళూ చూస్తావు, అక్క ఇంటి నీళ్ళు చూడవా? ఫోన్ చేద్దామంటే మందుల షాపులో పదిమంది ముందు పిల్ల విరేచనాల సంగతి అరిచి చెప్పాలి. అందుకే రాస్తున్నా. జవాబు ఆలస్యం చేశావో, బకెట్ నెత్తిన పెట్టుకుని నేనే దిగుతా.

నీ అక్క

జూన్ 9

అక్కా,

నువ్వు అన్నంత పనీ చేస్తావు కాబట్టి వెంటనే రాస్తున్నా. బకెట్ వద్దు. ఈ ఉత్తరంతోపాటు బస్సు కండక్టరు ఒక సీసా ఇస్తాడు. మా లాబు సీసా, మూతకి కాగితం చుట్టి దారం కట్టి ఉంటుంది. పొద్దున్నే కుళాయి మూతి శుభ్రంగా తుడిచి, మూడు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యి. తర్వాత సీసా మెడదాకా పట్టు. లోపల వేలు పెట్టకు. మూత బిగించి, తడిగుడ్డ చుట్టి, అదే బస్సుకి ఇచ్చెయ్. ఐదు గంటల్లో నా చేతికొస్తుంది. నేను బస్టాండులోనే కాచుకుని ఉంటా.

మందుల సంగతి ఒకటి చెప్పాలి. బ్లీచూ యాసిడూ ఒకే చోట, ఒకేసారి వాడకు. రెండూ కలిస్తే వచ్చే పొగ మనిషిని పడేస్తుంది. ఎందుకు చెప్తున్నానంటే, నీ సంగతి నాకు తెలీదా? అట్ట మురికిగా ఉందని నా ప్రోగ్రెస్ కార్డు తడిగుడ్డతో తుడిచి, హెడ్మాస్టరు సంతకం చెరిపేసిన మహాతల్లివి. ఆ రోజు తిన్న దెబ్బలు నావి.

బుడిగికి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు మాటిమాటికీ తాగిస్తూ ఉండు. కళ్ళు గుంటలు పడుతున్నాయేమో చూస్తూ ఉండు. పడితే మాత్రం నా ఉత్తరం కోసం చూడకు, డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

నీ తమ్ముడు

జూన్ 13

తమ్ముడూ,

ఇదిగో సీసా. నువ్వు చెప్పినవన్నీ చేశా. చెప్పనివి కూడా చేశా. మూడు నిమిషాలు గడియారం పెట్టుకుని వదిలా. తడిగుడ్డ నా కొత్త తువ్వాలు, మళ్ళీ పంపు.

బుడిగి నాలుగు రోజులుగా కాస్త తేరుకుంది. కింది వాటాలో ఒక టైలరమ్మ ఉంది, ఇద్దరు పిల్లలు. వాళ్ళకీ కడుపు బాగుండట్లేదట. "మీ తమ్ముడు ఏం చెప్తే అదే మేమూ చేస్తాం" అంది. చూశావా, చూడకుండానే ఇక్కడ నీకెంత పేరొచ్చిందో. తొందరగా చెప్పు. నీళ్ళ గ్లాసు పిల్ల చేతికిచ్చినప్పుడల్లా దాని మొహమే చూస్తూ కూర్చుంటున్నా.

నీ అక్క

జూన్ 17

అక్కా,

మంచి మాట ముందు చెప్తా. మీ నీళ్ళలో క్రిమి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. క్రిములుంటే పెరిగి కనిపించేలా వెచ్చటి పెట్టెలో రెండు రోజులుంచి చూశా. మా ఆఫీసరు ఇంటి నీళ్ళు కూడా ఇంత శుభ్రంగా ఉండవు.

ఇప్పుడు రెండో మాట. కోపం తెచ్చుకోకుండా విను. నీళ్ళలో క్లోరిన్, అంటే బ్లీచులో ఉండే మందు, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. మూత తియ్యగానే ముక్కుకి కొట్టింది. నీళ్ళాఫీసు వాళ్ళు అంత వెయ్యరు, వేస్తే ఊరంతా గోల అయ్యేది. అంటే అది మీ ఇంట్లోనే కలుస్తోంది. కుళాయి మూతికి నువ్వు తోమే బ్లీచు, బకెట్లకి పట్టిన బ్లీచు. పిల్ల నేల మీద ఆడుతుంది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. అక్కా, బుడిగికి జబ్బు తెస్తున్నది నీళ్ళు కాదు, నీ మందులు.

అవన్నీ ఇంట్లోంచి తీసెయ్. సబ్బూ వేణ్ణీళ్ళూ చాలు. మరగకాచడం కూడా మానెయ్, గంటల తరబడి పొయ్యి దగ్గర పిల్లని పెట్టుకుని ఆ తిప్పలు అక్కర్లేదు. నేరుగా కుళాయి కింద గ్లాసు పెట్టి, పట్టి తాగించు. ఇది తమ్ముడిగా చెప్తున్నది కాదు, పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడిగా చెప్తున్నా. బావ నమ్మాలంటే చూపించు, ముద్ర వేసిన కాగితం విడిగా పెట్టాను.

తువ్వాలు కండక్టరుకిచ్చా.

నీ తమ్ముడు

జూన్ 24

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చా. నా పిల్లకి నా చేత్తో విషం పెట్టుకున్నానా? దాని కడుపునొప్పి చూసి భయపడి ఇంకాస్త కడిగేదాన్ని, ఇంకాస్త కడిగితే దానికి ఇంకాస్త నొప్పి. ఇది తల్లి చేసే పనేనా? మీ బావ కాగితం చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. "చూశావా, నేను చెప్పలే" అన్నా బాగుండేది. ఆయన మందు సీసాలన్నీ సంచిలో వేసుకుని బయటికి తీసుకెళుతుంటే, దొంగసొత్తుతో పట్టుబడ్డదానిలా నిలబడి చూశా.

నువ్వు చెప్పినట్టే మానేశా. నేల సబ్బుతో తుడుస్తున్నా. మరగకాచడం లేదు. మొదటిరోజు కుళాయి నీళ్ళు దాని చేతికిచ్చే ముందు రెండుసార్లు వాసన చూశా. నా ముక్కుకి ఇంకా అదే కంపు. కానీ నా ముక్కుదేముంది, మందుల వాసనకి ఎప్పుడో చచ్చి ఉంటుంది. నీ మాటే నిజం అనుకుని ఇచ్చేశా.

నీ ముద్ర కాగితం ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? మెట్ల కింద గోడ మీద. ఇంటి ఓనరు చూసి, "ఇన్నాళ్ళూ అందరూ నన్ను తిట్టారు కదమ్మా" అని అడిగి తీసుకుని, జిగురు పెట్టి అంటించాడు. ఎనిమిది వాటాల వాళ్ళూ వచ్చిపోతూ చదువుతున్నారు. టైలరమ్మ కూడా మరగకాచడం మానేసింది. "మీ తమ్ముడి పుణ్యమా అని నాకో గంట కుట్టుపని కలిసొచ్చింది" అంది.

నీ అక్క

జూలై 1

అక్కా,

ఏడ్చావంటే నాకు బాధేసింది గానీ, కాగితం గోడకెక్కిందంటే మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా లాబులో అందరికీ చెప్పా. ఇక్కడ మేం రాసే కాగితాలు ఎవరూ చదవరు, ఫైల్లో పడుంటాయి. మొదటిసారి నా కాగితం చదివి జనం నీళ్ళు తాగుతున్నారు!

నీ ముక్కు సంగతి మర్చిపో. భయం పట్టుకున్న మనిషికి ఏ గ్లాసులోనైనా కంపే. కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుంది. మా కోడలు బుగ్గలు ఊరాయా లేదా, వచ్చే ఉత్తరంలో కొలతలతో సహా రాయి. ఈసారి వచ్చినప్పుడు మీ ఓనరు చేత నాకో దండ వేయించు.

నీ తమ్ముడు, నీళ్ళ డాక్టరు

జూలై 8

నీళ్ళ డాక్టరు గారికి,

నీ జోకుల ఉత్తరం ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చదివా. కొలతలు అడిగావు కదా, రాసుకో. దాని ముంజేతికి సూది గుచ్చి, అది కదలకుండా కింద అట్టముక్క పెట్టి కట్టారు. అట్టముక్క దాని చెయ్యి కన్నా వెడల్పుగా ఉంది.

బుధవారం పొద్దున మొదలైంది. మధ్యాహ్నానికి పదకొండుసార్లు. సాయంత్రానికి పిలిస్తే పలకడం మానేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడట్లేదు. మీ బావ చేతుల మీద వేసుకుని పరుగెత్తాడు, నేను వెనకాల ఒక కాలికే చెప్పుతో. ఇప్పటికి ఆరు సెలైన్ సీసాలెక్కాయి. పక్క మంచం మీద ఎవరనుకున్నావు? టైలరమ్మ పిల్లలిద్దరూ, ఒకే మంచం మీద చెరోవైపు తలపెట్టి.

మందులన్నీ తీసేశా కదా, సబ్బు తప్ప ఇంట్లో ఏం లేదు కదా, మరి ఇప్పుడెందుకొచ్చింది? చెప్పు! డాక్టరు "నీళ్ళేం తాగుతారమ్మా" అంటే, "కుళాయివే, మా తమ్ముడు పరీక్ష చేసి బాగున్నాయన్నాడు" అన్నా. ఆయన చీటీ మీద ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు, నీ మీద కావచ్చు.

ఇంట్లో బ్లీచు కలుస్తోంది, బకెట్లకి బ్లీచు పట్టింది అని రాశావే, నేనంత శుభ్రం తెలియనిదాన్నా? నువ్వు పంపిన సీసా సంగతి నేనేమైనా అన్నానా? మీది పెద్ద లాబు, పంపిన సీసా చూస్తే అడుగున తెల్లగా పొడి అంటుకుని ఉంది. ఎవరు వాడి పారేసిందో ఏమో! అమ్మ మనకి నేర్పిందేంటి, ఇంకొకళ్ళ గిన్నె కడగకుండా వాడకూడదు, కడగకుండా తిరిగి పంపకూడదనే కదా. అందుకే నేను నోరెత్తకుండా సబ్బుతో తోమి, బ్లీచు పోసి గిలకరించి, బోర్లించి ఆరబెట్టి, అప్పుడు నీళ్ళు పట్టి పంపా. నీ పరువు తియ్యడం ఎందుకని అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా. మురికి సీసా పంపినవాడివి నాకు శుభ్రం చెప్తావా?

అక్క

జూలై 11

అక్కా,

ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతికిస్తా. పొద్దున బస్సుకి బయల్దేరుతున్నా. అప్పటిదాకా ఊరికే కూర్చోలేక రాస్తున్నా. నీ ఎదురుగా నిలబడి నోటితో చెప్పగలనో లేదో నాకు నమ్మకం లేదు.

నీ ఉత్తరం చదివి లాబులోంచి అలాగే బయటికి పరుగెత్తా. మందుల షాపుకి ఫోన్ చేసి, "ఆ బిల్డింగులో ఎవరూ కుళాయి నీళ్ళు మరగకాచకుండా తాగొద్దు, గోడ మీద కాగితం చింపెయ్యమనండి" అని చెప్పి, ఆయన చేత మూడుసార్లు తిరిగి చెప్పించుకున్నా. ఆయన నీకు చెప్పే ఉంటాడు.

అక్కా, ఆ తెల్లపొడి మురికి కాదు. అది మేమే వేస్తాం. నీళ్ళలో కాస్తో కూస్తో క్లోరిన్ ఉంటుంది కదా, సీసాలో పట్టాక కూడా అది దారిపొడుగునా క్రిముల్ని చంపుతూ ఉంటుంది. అలా జరగకూడదని, దాని పని అక్కడికక్కడే ఆపెయ్యడానికి ఆ పొడి వేసి, సీసాని వేడిపెట్టెలో ఉడికించి, కాగితం చుట్టి పంపుతాం. నువ్వు పొడి కడిగేసి బ్లీచుతో గిలకరించావు. మీ కుళాయిలో ఎన్ని క్రిములున్నాయో, అన్నీ ఆ ఐదు గంటల ప్రయాణంలో చచ్చిపోయాయి. నేను పరీక్ష చేసింది మీ నీళ్ళని కాదు. నువ్వు ఎంత బాగా తోమావో పరీక్ష చేసి, అది పాసయిందని ముద్ర వేశా.

నీ తప్పు లేదు. "సీసా కడగకు" అని రెండు మాటలు రాస్తే సరిపోయేది. లాబులో అది అందరికీ తెలిసిందే, ఎవరూ ఎవరికీ చెప్పరు. నేను రాసింది లాబువాళ్ళకి కాదు, మా అక్కకి అని నాకు తోచలేదు. ప్రోగ్రెస్ కార్డు కథ రాసి నవ్వుకున్నా గానీ, ఆ మనిషే ఈ సీసాని కూడా వదలదని తట్టలేదు. మూత తియ్యగానే అంత క్లోరిన్ ముక్కుకి కొడితే, ఏ కొత్త కుర్రాడైనా సీసానే అనుమానిస్తాడు. టైలరమ్మ పిల్లలకీ బాగాలేదని నువ్వు రాసినా, నేను నిన్నే అనుమానించా.

బుడిగికి ఏదైనా అయితే నేను ఏ మొహంతో బతకాలి? ఇది నిన్ను అడగకూడదు. అడగకుండా ఉండలేకపోతున్నా.

తమ్ముడు

జూలై 23

అక్కా,

ఇంటికి చేరి ఆరు రోజులైంది. నిన్న మందుల షాపు ఫోన్లో బుడిగి గొంతు విన్నాక మొదటిసారి కడుపునిండా తిన్నా. "మావయ్యా, సూది తీసేశారు" అంది. వెంటనే ఫోన్ నీకిచ్చేసింది.

నేను స్వయంగా పట్టిన నాలుగు సీసాల ఫలితాలు నీకు తెలుసు. నాలుగింటిలోనూ మురుగు క్రిములు. ఆ కాగితాలు నువ్వు తీసుకెళ్ళాకే మీ నీళ్ళాఫీసు వాళ్ళు సందు తవ్వారు. పాత ఇనప పైపుకి చిల్లు, దాన్ని ఆనుకునే మురుగు గొట్టం. నీళ్ళు వదలని వేళల్లో ఖాళీ పైపు ఆ మురుగుని లోపలికి లాక్కునేది. నీకు ఒక్కో రోజు ఒక్కో వాసన వచ్చిందంటే ఇందుకే. నీ ముక్కు మొదటి ఉత్తరంలోనే నిజం చెప్పింది. దాని నోరు మూయించింది నేనే.

మా ఆఫీసరుకి జరిగింది జరిగినట్టు చెప్పా. నన్ను పరీక్షల బల్ల దగ్గర్నుంచి తీసేసి, సీసాలు కడిగే గదికి పంపారు. ఎన్నాళ్ళో తెలీదు. నాకు తగిందే.

దీంతో ఇంకో కాగితం పెడుతున్నా. ఎనిమిది వాటాల వాళ్ళకీ రాసింది. మొదటి పరీక్ష తప్పనీ, ఆ తప్పు పూర్తిగా నాదేననీ, సీసా విషయంలో నీ ప్రమేయం ఏమీ లేదనీ రాశా. పాత కాగితం ఉన్నచోటే దీన్ని అంటించు.

నీ తమ్ముడు

ఆగస్టు 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ కాగితం అంటించలేదు. ఒకసారి గోడ మీద కాగితాన్ని నమ్మి పిల్లల్ని ఆసుపత్రిలో పడేసుకున్నవాళ్ళకి మళ్ళీ కాగితమా? అదీగాక అందులో సగం అబద్ధం. నా ప్రమేయం లేదని నువ్వెలా రాస్తావు? సీసా కడిగింది నా చేతులు కాదా?

అందుకని ఆదివారం ఎనిమిది తలుపులూ తట్టా. "మా తమ్ముడు చెప్పడం మర్చిపోయాడు, నేను అడక్కుండా కడిగా, మా ఇద్దరి వల్లే మీరు ఈ నీళ్ళు నమ్మారు" అని నిలబడి చెప్పా. కొందరు తిట్టారు. ఓనరు "నాకెందుకొచ్చిన గొడవ" అని తలుపేసుకున్నాడు. టైలరమ్మ మాత్రం అంతా విని, మిషను ఆపకుండా, "నా పిల్లలు బతికారు కాబట్టి నీతో మాట్లాడుతున్నా" అంది. ఆ మాట నా చెవుల్లోంచి పోవట్లేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

నీ మీద కోపం పోయిందా అంటే, ఏమో రా. ఆసుపత్రిలో నువ్వు మూడు రోజులు బుడిగి మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు, ఓసారి నిన్ను కొట్టాలనిపించింది, ఓసారి నీకు అన్నం కలిపి పెట్టాలనిపించింది. రెండూ చెయ్యలేదు. నువ్వు ఏ మొహంతో బతకాలని అడిగావు. ఉన్న మొహంతోనే బతుకు, నేను బతకట్లేదా?

పైపు మార్చారు. నీళ్ళు తెల్లగా వస్తున్నాయి, వాసన లేదు. మొన్న మీ లాబు నుంచి నువ్వు పంపించిన కొత్తబ్బాయి చేసిన పరీక్షలో కూడా బాగున్నాయనే వచ్చింది. అయినా నేను మరగకాస్తూనే ఉన్నా. కాచిన నీళ్ళు కూడా బుడిగికి నేరుగా ఇవ్వడానికి నాకు చెయ్యి రావట్లేదు. ముందు నేనో గుక్క తాగి, నా కడుపు ఏమంటుందోనని కాసేపు ఆగి, ఆ తర్వాతే దానికిస్తున్నా. ఇదంతా దాని కంట పడట్లేదనుకున్నా.

నిన్న ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నా. అదే వంటింట్లోకెళ్ళి రెండు చేతుల్తో గ్లాసు పట్టుకుని నీళ్ళు తెచ్చింది. దాహమేస్తుందని నా కోసం తెచ్చింది కదా అని మురిసిపోయి చెయ్యి చాపా. ఇవ్వలేదు. తనే ఓ గుక్క తాగింది. తాగి, గ్లాసు గుండెకి ఆనించుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని కదలకుండా నిలబడింది. "ఏంటే" అని అడిగా. కాసేపయ్యాక గ్లాసు నా చేతికిచ్చి, "నాకేం కాలేదమ్మా, నువ్వు తాగు" అంది.

నీ అక్క